తప్పుడు అరెస్టు, తప్పుడు కేసు: ఎక్కడ ఫిర్యాదు చేస్తే ఏమి దక్కుతుంది?

పోలీసులు అన్యాయంగా అరెస్టు చేశారనుకునే కుటుంబాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ముందు ఈ కేసు కొట్టేయించుకుందాం, నిర్దోషి అని తీర్పు వచ్చాక వాళ్ళ సంగతి చూద్దాం." ఆ మాటలో లోకజ్ఞానం ఉన్నట్టే కనిపిస్తుంది. చట్టంలో గడువులు మాత్రం ఇలా ఉన్నాయి. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్ళడానికి ఘటన జరిగిన రోజు నుంచి ఏడాది. అరెస్టు నిబంధనలు తుంగలో తొక్కినందుకు హైకోర్టులో కోర్టు ధిక్కరణ పిటిషన్ (కోర్టు ఆదేశాన్ని మీరారన్న ఫిర్యాదు) వేయడానికి ఏడాది. అక్రమ నిర్బంధంపై నష్టపరిహారం దావాకు నిర్బంధం ముగిసిన రోజు నుంచి ఏడాది. అక్రమంగా నిర్బంధించారనే నేరం ఒక్కదాన్నే పట్టుకుని మేజిస్ట్రేటు దగ్గరకు వెళితే దానికీ ఏడాదే. నిర్దోషి అని తేలాక మొదలయ్యే గడువు ఒక్కటే ఉంది, దురుద్దేశంతో కేసు నడిపారన్న సివిల్ దావాకు. అదీ ఏడాదే.

మన కోర్టుల్లో మామూలు క్రిమినల్ కేసు ముగియడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పనక్కరలేదు. తీర్పు దాకా ఆగినవాళ్ళకు మిగిలేది చివరి దావా. అన్నిటికంటే ఖర్చూ కష్టమూ ఎక్కువైన దారి అదే. అందుకే ఎక్కడికి వెళ్ళాలో ఆలోచించే ముందు ఒక కాగితం తీసుకుని నాలుగు తేదీలు రాసుకోండి: పట్టుకెళ్ళిన తేదీ, అరెస్టు చూపించిన తేదీ, బెయిలు మీద బయటకు వచ్చిన తేదీ, కేసు ముగిసి ఉంటే ఆ తేదీ. లాయరు మొదట అడిగేది వీటినే.

తరువాతి ప్రశ్న, మీకు కావలసింది ఏమిటి? మనిషి ఇంటికి రావాలా? డబ్బు రావాలా? ఆ ఎస్‌ఐకో సీఐకో శిక్ష పడాలా? ఊళ్ళో పోయిన పరువు కోర్టు ముద్రతో తిరిగి రావాలా? ఈ నాలుగూ ఒకే చోట దొరికే ఏర్పాటు మన దేశంలో లేదు. తప్పుడు ప్రాసిక్యూషన్ బాధితులకు పరిహారం హక్కుగా ఇచ్చే చట్టం తేవాలని, అందుకు ప్రత్యేక కోర్టులు పెట్టాలని లా కమిషన్ 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ చట్టం రాలేదు. కాబట్టి ఉన్న దారుల్లోనే ఏది మీకు పనికొస్తుందో చూసుకోవాలి.

మనిషి ఇంకా లోపలే ఉంటే

ఇక్కడ పరిహారం ఆలోచన పక్కన పెట్టండి. రాజ్యాంగంలోని 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసినవారిని, ప్రయాణ సమయం తీసేసి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అసలు గారడీ జరిగేది ఈ లెక్క దగ్గరే. సోమవారం పొద్దున తీసుకెళ్ళిన మనిషిని బుధవారం సాయంత్రం "అరెస్టు చూపిస్తారు". కాగితాల్లో మాత్రం 24 గంటలు దాటవు.

రెండు పనులు చేయవచ్చు. ఒకటి హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్. అత్యవసరమైతే లాయరు లంచ్ మోషన్‌గానో (అదే రోజు భోజన విరామం తరువాత విచారణ), సెలవు రోజైతే హౌస్ మోషన్‌గానో (జడ్జి ఇంటి దగ్గర విచారణ) కదిలిస్తారు. హైకోర్టులో పిటిషన్ పడిందని తెలియగానే స్టేషన్‌లో అరెస్టు కాగితాలు సిద్ధమైపోవడం, మనిషిని హడావిడిగా మేజిస్ట్రేటు దగ్గరకు తీసుకెళ్ళడం జరుగుతుంటుంది. అలా జరిగినా మీరు గెలిచినట్టే, మనిషి లెక్కలోకి వచ్చాడు. అయితే మేజిస్ట్రేటు రిమాండు విధించాక హెబియస్ కార్పస్ సాధారణంగా నిలబడదు, అప్పుడు బెయిలు దారి పట్టాలి. ఈ ఆయుధానికి పదును ఉండేది ఆ కొన్ని గంటలే.

రెండోది పైసా ఖర్చు లేనిది, చాలామంది వాడుకోనిది: రిమాండు కోసం నిలబెట్టినప్పుడు మేజిస్ట్రేటుకు నోరు విప్పి చెప్పడం. "నన్ను నిన్న కాదు, మొన్న తీసుకొచ్చారు. ఇక్కడ కొట్టారు. మా ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు." ఈ మూడు ముక్కలు రికార్డులోకి ఎక్కితే తరువాత వేసే ప్రతి పిటిషన్‌కూ అదే పునాది. ఎక్కకపోతే, ఆరు నెలల తరువాత ఎంత గట్టిగా చెప్పినా "ఆ రోజు మేజిస్ట్రేటు అడిగితే ఏమీ లేదన్నావు కదా" అన్న ప్రశ్న ఎదురవుతుంది. స్టేషన్‌లో బెదిరించి పంపిన మనిషి అక్కడ మాట్లాడటం సులభం కాదని తెలుసు. అందుకే లాయరు పక్కన ఉండాలి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ 15100 నంబరుకు గానీ ఫోను చేయవచ్చు.

ఇక్కడే మరో విషయం అడగండి: అరెస్టుకు కారణాలు రాసి ఇచ్చారా, ఏ భాషలో ఇచ్చారు? 2025 నవంబరులో సుప్రీంకోర్టు, నేరం ఏదైనా సరే, అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని చెప్పింది. వెంటనే కుదరకపోతే నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ముందుకు తెచ్చే సమయానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. తెలుగు తప్ప మరో భాష రాని మనిషి చేతిలో ఇంగ్లీషు కాగితం పెట్టి సంతకం తీసుకోవడం మన స్టేషన్లలో కొత్తేమీ కాదు. ఇప్పుడది అరెస్టునే చెల్లకుండా చేయగల లోపం.

మానవ హక్కుల కమిషన్: ఖర్చు లేని దారి, పరిమితులూ ఉన్న దారి

ఫీజు లేదు, లాయరు అక్కరలేదు, తెలుగులో రాసి పంపవచ్చు. బాధితుడే రాయాలని లేదు, అతని తరఫున ఎవరైనా రాయవచ్చు. డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు, గుంటూరులోనో కరీంనగర్‌లోనో తండ్రిని స్టేషన్‌లో కూర్చోబెట్టారని జాతీయ కమిషన్ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కమిషన్ పోలీసుల నుంచి నివేదిక తెప్పిస్తుంది, సాక్షులను పిలిపించగలదు, మధ్యంతర పరిహారం ఇవ్వమని ప్రభుత్వానికి సిఫార్సు చేస్తుంది.

సిఫార్సు అన్న మాటను గమనించండి. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం కమిషన్‌కు తీర్పు అమలు చేయించే అధికారం ఇవ్వలేదు. ప్రభుత్వం పాటించి తీరాల్సిందేనని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ 2021లో చెప్పింది గానీ, మన రెండు రాష్ట్రాల్లో ఆ వాదనను ఇక్కడి హైకోర్టుల ముందు నిలబెట్టుకోవాల్సిందే.

జాతీయ కమిషనా, రాష్ట్ర కమిషనా? ఒకే విషయం రాష్ట్ర కమిషన్ ముందు ఉంటే జాతీయ కమిషన్ దాన్ని ముట్టుకోదు. రెండు చోట్లా వేస్తే రెండింతల బలం వస్తుందనుకోవడం పొరపాటు, ఒకటి మూసేస్తారు. రాష్ట్ర కమిషన్ దగ్గరలో ఉంటుంది, విచారణకు వెళ్ళి రావడం తేలిక. అయితే ముందుగా అక్కడ ఛైర్మన్, సభ్యులు ఉన్నారో లేదో తెలుసుకోండి. తెలంగాణ కమిషన్ 2022 డిసెంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా ఛైర్మన్ లేకుండానే గడిపింది. ఆ రెండేళ్ళలో అక్కడ ఫిర్యాదు ఇచ్చినవాళ్ళ ఏడాది గడువు ఏమైందో ఆలోచిస్తే కోపం రాక మానదు. ఆంధ్రప్రదేశ్ కమిషన్ కార్యాలయం 2021లో కర్నూలుకు మారింది. శ్రీకాకుళం వాళ్ళకు అది ఎంత దూరమో లెక్కేసుకోండి. ఖాళీ కుర్చీలు కనిపిస్తే నేరుగా ఢిల్లీకి ఆన్‌లైన్‌లో పంపడమే మేలు.

ఇక్కడ ఫిర్యాదు రాయడంలో ఒక చిట్కా ఉంది. కోర్టు ముందున్న విషయాల జోలికి కమిషన్ సాధారణంగా వెళ్ళదు. "నా మీద పెట్టిన దొంగతనం కేసు అబద్ధం" అని రాస్తే, కేసు కోర్టులో ఉంది కదా అని మూసేస్తారు. "ఫలానా తేదీన ఇన్ని గంటలకు తీసుకెళ్ళి, ఇన్ని గంటలు ఉంచి, ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా, ఇలా కొట్టారు" అని రాస్తే అది పోలీసుల ప్రవర్తన మీద ఫిర్యాదు అవుతుంది. మీరు దోషా నిర్దోషా అన్నది కమిషన్‌కు అనవసరం. దొంగను కూడా 24 గంటలు దాటి ఉంచకూడదు, కొట్టకూడదు. ఇదే విషయంపై హైకోర్టులో రిట్ (హక్కుల ఉల్లంఘనపై నేరుగా వేసే పిటిషన్) వేస్తే కమిషన్ పక్కకు తప్పుకుంటుంది కాబట్టి, రెంటిలో ఏది ముందు అన్నది తేల్చుకుని కదలండి.

హైకోర్టు: రిట్, ధిక్కరణ

రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టు నేరుగా పరిహారం ఇవ్వగలదు. నిర్దోషి అని తీర్పు వచ్చాక కూడా 14 ఏళ్ళు బీహారు జైల్లో మగ్గిన రుదుల్ షా కేసులో 1983లో సుప్రీంకోర్టు మొదటిసారి ఈ దారి తెరిచింది. అప్పట్లో ఇచ్చింది 35,000 రూపాయలే. నీలాబతి బెహరా కేసులో 1993లో, ప్రాథమిక హక్కుల ఉల్లంఘనకు రాజ్యాంగ న్యాయస్థానం పరిహారం విధిస్తే సార్వభౌమాధికారం పేరుతో, అంటే ప్రభుత్వం మీద దావా చెల్లదన్న వాదనతో, ప్రభుత్వం తప్పించుకోలేదని తేల్చింది. సివిల్ కోర్టులో ప్రభుత్వ లాయరు వేసే ఆ పాత ఎత్తు ఇక్కడ పారదు. రిట్ దారికి ఉన్న పెద్ద సుగుణం ఇదే.

లోపం కూడా పెద్దదే. హైకోర్టు సాక్షులను పిలిచి ఎవరు నిజం చెబుతున్నారో తేల్చదు. మీ మాట, వాళ్ళ కౌంటరు ఢీకొంటే "వాస్తవాలు వివాదాస్పదం, సివిల్ కోర్టుకు వెళ్ళండి" అంటుంది. కాగితం మీదే తప్పు కనిపించే కేసులకు రిట్ సరిపోతుంది: బెయిలు ఉత్తర్వు అందాక కూడా విడుదల చేయకపోవడం, పేరు పొరపడి మరొకరిని అరెస్టు చేయడం, కేసే లేకుండా స్టేషన్‌లో ఉంచినట్టు సీసీటీవీలో కనబడటం వంటివి.

నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం వచ్చేస్తుందన్న నమ్మకం మనవాళ్ళలో బలంగా ఉంది. మన ప్రాంతపు రెండు ఉదంతాలు దాన్ని సడలిస్తాయి. 2007 మే నెలలో హైదరాబాదు మక్కా మసీదు పేలుడు తరువాత పట్టుకెళ్ళి, ఆనక నిర్దోషులుగా తేలిన యువకులకు అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వునే కొట్టివేసింది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య కేసులో జీవిత ఖైదు పడిన యువకుణ్ణి 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిపిన అతనికి కోర్టు చెల్లించమన్నది లక్ష రూపాయలు. విడుదల ఒక్కటే సరిపోదు, పోలీసులు ఉద్దేశపూర్వకంగానో, చట్టాన్ని లెక్కచేయకుండానో వ్యవహరించారని విడిగా చూపించాలి.

హైకోర్టులోనే మరో దారి ధిక్కరణ. ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరాల్లో అవసరం లేకపోయినా అరెస్టు చేయకూడదని, ముందు నోటీసు ఇచ్చి పిలవాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది కట్నం వేధింపుల కేసు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ పేరుతో ఇప్పటికీ అందరూ "41ఏ నోటీసు" అనే పిలుస్తున్నా, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 35(3). నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ ఆదేశాన్ని ఉల్లంఘించిన అధికారిపై శాఖాపరమైన చర్యతో పాటు హైకోర్టులో ధిక్కరణ చర్య ఉంటుందని తీర్పులోనే ఉంది. ఇది ఉత్త బెదిరింపు కాదని 2022 జూన్‌లో తెలిసింది. ఈ నిబంధనల ఉల్లంఘనకు తెలంగాణ హైకోర్టు నలుగురు హైదరాబాదు పోలీసు అధికారులకు నాలుగు వారాల జైలు శిక్ష విధించింది. అప్పీలుకు వీలుగా శిక్ష అమలును ఆపింది.

ధిక్కరణతో మీ చేతికి డబ్బు రాదు. అధికారికి మాత్రం చెమటలు పడతాయి. పై అధికారులు కదిలేది, రాజీ మాటలు వచ్చేది చాలాసార్లు ఈ పిటిషన్ పడ్డాకే. శిక్ష ఏడేళ్ళలోపు సెక్షన్లు, నోటీసు లేని అరెస్టు, ఘటన జరిగి ఏడాది దాటలేదు అన్న మూడూ కుదిరితే, నా ఓటు మొదట దీనికే. నోటీసు ఇచ్చినట్టు పాత తేదీతో కాగితం పుట్టించే అవకాశం ఉంది కాబట్టి, రిమాండు రిపోర్టు నకలు ముందే తీసుకుని అందులో నోటీసు ప్రస్తావన ఉందో లేదో చూసుకోండి.

అధికారి మీద క్రిమినల్ కేసు

వినడానికి న్యాయంగా, ఆచరణలో రాళ్ళ దారి. చట్టవిరుద్ధమని తెలిసీ నిర్బంధించిన అధికారికి, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 258 కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. నేరం ఒప్పించడానికి కొట్టడం 120 కిందకు వస్తుంది. తప్పుడు రికార్డు సృష్టించడం 201. సెక్షన్లకు కొదవ లేదు.

వరస ఇలా ఉంటుంది. ముందు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి, తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, అప్పుడూ కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళాలి. లేదా ప్రైవేటు కంప్లైంటు (పోలీసులతో పని లేకుండా నేరుగా మేజిస్ట్రేటుకు ఇచ్చే ఫిర్యాదు) వేయాలి. కొత్త చట్టం ఇక్కడ అధికారికి ఇంకో కవచం తొడిగింది. విధి నిర్వహణలో జరిగిన పని అని అధికారి అంటే, మేజిస్ట్రేటు అతని వాదన విని, పై అధికారి నివేదిక తెప్పించుకున్నాకే ముందుకు వెళ్ళాలి. దానికి తోడు ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలి. 120 రోజుల్లో ప్రభుత్వం ఏమీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలన్నది కొత్తగా వచ్చిన ఊరట.

గాయాలకు వైద్య రికార్డు, సీసీటీవీ వంటి గట్టి ఆధారం ఉంటే తప్ప ఒంటరిగా ఈ దారి పట్టమని నేను సలహా ఇవ్వను. ఉంటే మాత్రం వదలొద్దు. ఎందుకంటే, ఇంత తీవ్రమైన నేరాలకు పైన చెప్పిన ఏడాది గడువు వర్తించదు.

పోలీసులు కాదు, పక్కింటివాడో పాలివాడో అబద్ధపు ఫిర్యాదు ఇచ్చి ఇరికించిన కేసుల సంగతి వేరు. అక్కడ న్యాయ సంహిత 248 ఉంది, హాని చేయాలని తెలిసీ అబద్ధపు నేరం మోపితే అయిదేళ్ళ దాకా శిక్ష. కేసు కోర్టుకు ఎక్కాక దీన్ని మీరు నేరుగా వేయలేరు. ఆ కోర్టే ఫిర్యాదు చేయాలి, అందుకు మీరు దరఖాస్తు పెట్టుకోవాలి. బాధితుడు ఎస్సీ లేదా ఎస్టీ అయి, కేసు పెట్టింది ఆ వర్గాలకు చెందని వ్యక్తి అయితే, అబద్ధపు కేసు బనాయించడమే అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(పి) కింద నేరం. ఈ సెక్షన్ ఉన్న సంగతి తెలియక వాడుకోనివాళ్ళు ఎందరో.

సివిల్ దావా

డబ్బు, పరువు రెండూ ఇక్కడ దొరుకుతాయి, ఓపిక ఉంటే. దురుద్దేశంతో కేసు నడిపారన్న దావాలో నాలుగు విషయాలు మీరే రుజువు చేయాలి: ప్రతివాదే మీ మీద కేసు నడిపించాడు, అది మీకు అనుకూలంగా ముగిసింది, కేసు పెట్టడానికి సహేతుకమైన కారణం లేదు, లోపల దురుద్దేశం ఉంది. వాటికి తోడు నష్టం చూపాలి: పోయిన ఉద్యోగం, లాయరు ఫీజులు, ఆగిపోయిన పెళ్ళి. మొదటి రెండూ తేలిక. సంశయ లాభం కింద, అంటే నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కాలేదని విడుదలైతే, మూడో దగ్గర కాలు జారుతుంది. అందుకే కేసు నడుస్తున్నప్పుడే మీ లాయరుకు చెప్పండి, "సంశయ లాభం" అన్న రెండు మాటలకు బదులు "కేసు కల్పితం" అన్న నిర్ధారణ తీర్పులో వచ్చేలా సాక్ష్యం నడపమని.

ప్రభుత్వాన్ని, పోలీసు అధికారిని ప్రతివాదులుగా చేర్చాలంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80 కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలు గడువులో లెక్కకు రావు. ఇవి కాక పాత పోలీసు చట్టాల్లో అధికారులపై దావాలకు ఇంకా చిన్న గడువులున్నాయి, వాటిని అడ్డుపెట్టి వాదిస్తారు. కాబట్టి ఏడాది ఉంది కదా అని పదకొండో నెలలో లాయరు దగ్గరకు వెళ్ళొద్దు. కోర్టు ఫీజు అడిగే మొత్తాన్ని బట్టి పెరుగుతుంది. కట్టలేనివాళ్ళు నిరుపేదగా దావా వేసే వీలుంది.

ఫిర్యాదు ఇచ్చింది ఆస్తిపాస్తులున్న ప్రైవేటు వ్యక్తి అయితే ఈ దావాకు విలువ పెరుగుతుంది. గెలిస్తే వసూలు చేసుకోవచ్చు, పైగా అతనికి ప్రభుత్వ రక్షణ ఏదీ ఉండదు.

అన్ని దారులూ నడిచిన మనిషిని చూడాలంటే ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ ఉన్నారు. 1994 నవంబరులో కేరళ పోలీసులు గూఢచర్యం ఆరోపణపై అరెస్టు చేశారు. కేసులో పస లేదని 1996లో సీబీఐ తేల్చింది. ఆయన జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు వెళ్ళారు, 2001లో 10 లక్షల మధ్యంతర పరిహారం సిఫార్సు అయింది. రాష్ట్ర ప్రభుత్వం దాని మీద కోర్టుకెక్కింది. ఆ డబ్బు చెల్లించమని 2012లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో 50 లక్షలు ఇమ్మంది, సివిల్ దావా హక్కు అలాగే ఉంటుందని కూడా చెప్పింది. ఆ దావాను 2020లో కేరళ ప్రభుత్వం 1.3 కోట్లతో రాజీ చేసుకుంది. కమిషన్ ఇచ్చింది తక్కువ, కానీ మొదట ఇచ్చింది అదే. దావా ఎక్కువ ఇచ్చింది, పాతికేళ్ళు దాటాక. దేశమంతా తెలిసిన మనిషికి, సీబీఐ నివేదిక చేతిలో ఉండగా పట్టిన కాలం ఇది.

మిగిలినవి

అకారణంగా అరెస్టు చేయించినవాడి చేత మేజిస్ట్రేటు పరిహారం ఇప్పించే సెక్షన్ ఒకటి నాగరిక్ సురక్షా సంహితలో ఉంది, 399. గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. కొత్త చట్టం రాసేటప్పుడైనా ఆ అంకెను చూసి ఎవరికీ నవ్వు రాకపోవడమే వింత. దానికంటే 273 నయం. విడుదల చేసే మేజిస్ట్రేటే, కారణం లేకుండా ఆరోపించిన ఫిర్యాదుదారు నుంచి మీకు పరిహారం ఇప్పించవచ్చు. వేరే దావా అక్కరలేదు, తీర్పు రోజున అడిగితే చాలు. అడిగేవాళ్ళే తక్కువ.

పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలను ప్రతి రాష్ట్రంలో పెట్టమని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. మీ జిల్లాకు సంబంధించిన సంస్థ నిజంగా కూర్చుంటోందని విచారించి నిర్ధారించుకున్నాకే దాని మీద సమయం పెట్టండి. ఎస్పీకో కమిషనర్‌కో ఇచ్చే ఫిర్యాదు వల్ల నేరుగా ఒరిగేది తక్కువే అయినా, అది ఇచ్చి తీరాలి. మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళడానికి అదే మెట్టు, హైకోర్టులో "ఇంతకాలం ఎందుకు ఊరుకున్నారు" అన్న ప్రశ్నకు అదే జవాబు.

ఎవరికి ఏది

రాత్రంతా స్టేషన్‌లో కూర్చోబెట్టి, కేసు లేకుండా పొద్దున పంపేశారు, చేతిలో డబ్బు లేదు: ఎస్పీకి ఫిర్యాదు, వెంటనే మానవ హక్కుల కమిషన్. కుటుంబ తగాదాలో, ఫేస్‌బుక్ పోస్టు కేసులో నోటీసు లేకుండా అరెస్టు: ధిక్కరణ. తప్పు కాగితంలోనే కనిపిస్తోంది, నిర్బంధం రోజుల తరబడి సాగింది: రిట్. ఒళ్ళు హూనం చేశారు, ఆసుపత్రి కాగితం ఉంది: క్రిమినల్ ఫిర్యాదు, దాంతో పాటు కమిషన్. భూతగాదాలో పాలివాడు అబద్ధపు కేసు పెట్టి ఏళ్ళు తిప్పాడు, ఇప్పుడు గౌరవంగా విడుదలయ్యారు: సివిల్ దావా. కేసు ఇంకా నడుస్తోంది, ఎఫ్‌ఐఆర్ చదివితేనే నేరం కనిపించడం లేదు: పరిహారం కంటే ముందు హైకోర్టులో నాగరిక్ సురక్షా సంహిత 528 కింద కేసు కొట్టివేత. అది వస్తే దావాకు కావలసిన "అనుకూల ముగింపు" కూడా వచ్చినట్టే.

ఏ దారి పట్టినా ఆధారాలు మొదటి వారంలోనే పోగవ్వాలి. స్టేషన్లలో సీసీటీవీ పెట్టాలని, దృశ్యాలను 18 నెలలు దాచే ఏర్పాటు ఉండాలని, కనీసం ఏడాదికి తగ్గకూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తీరా అడిగితే "కెమెరా పని చేయడం లేదు" అంటారు. అందుకే ఫలానా తేదీ, ఫలానా గంటల దృశ్యాలను భద్రపరచమని స్టేషన్‌కు, ఎస్పీకి రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. లేఖ అందాక దృశ్యాలు చెరిగిపోతే కోర్టు ఆ చెరిగిపోవడాన్ని కూడా ప్రశ్నిస్తుంది. మనిషిని తీసుకెళ్ళిన క్షణాన ఇంట్లోవాళ్ళు 112కు ఫోను చేస్తే ఆ సమయం వాళ్ళ రికార్డులోనే ఉంటుంది. జైల్లో చేర్చుకునేటప్పుడు చేసే వైద్య పరీక్ష నకలు, రిమాండు రిపోర్టు, అరెస్టు మెమో తెప్పించుకోండి. వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని సమాచార హక్కు చట్టం కింద 48 గంటల్లో ఇవ్వాలి, దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయండి.

ఫిర్యాదు పడ్డాక ఒక కబురు వస్తుంది, పెద్దమనిషి ద్వారానో కానిస్టేబులు ద్వారానో: "మీరు అది వెనక్కి తీసుకోండి, మీ మీద కేసు మేము చూసుకుంటాం." చాలామందికి అది మంచి బేరమే కావచ్చు, నేను తప్పు పట్టను. కానీ వరస తారుమారు కానివ్వొద్దు. మీ మీది కేసు మూసేస్తున్నామన్న తుది నివేదిక కోర్టులో దాఖలై, కోర్టు దాన్ని ఆమోదించిన ఉత్తర్వు నకలు మీ చేతికి వచ్చేదాకా మీ ఫిర్యాదు మీద ఉపసంహరణ సంతకం పెట్టకండి.